దుశ్శాసనుడి మొక్కు

మన సాఫ్టువేరు జనాల్లో నాటకాల పిచ్చి ఉన్నోళ్ళు తక్కువేం కాదు. వారమంతా కోడు రాసి శని ఆదివారాలు రిహార్సళ్ళకి పరిగెత్తేవాళ్ళు, సెలవు పెట్టి ఊరికి పొయ్యి వేషం కట్టేవాళ్ళు నాకు చాలామందే తెలుసు. ఈ నాలుగు ముక్కలూ వాళ్ళ కోసం.

మాది వడమాలపేట. తిరుపతి నుంచి పుత్తూరు పొయ్యే దారిలో తగులుతుంది. మా వైపు ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుళ్ళ దగ్గర భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, సాధారణంగా 18 రోజులు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు, ఆఖర్న మట్టి దుర్యోధనుడు కూలతాడు, ఆపైన అగ్నిగుండం. నాటకం అంటే మాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

సరే, అసలు విషయానికొస్తా. కుర్రాళ్ళ నాటక బృందాల్లో నడవడిక గురించి నాలుగు నియమాలు పెట్టుకుందామని ఎవరైనా అంటే, వెంటనే వచ్చే జవాబు: "మనమంతా ఫ్రెండ్సే గదబ్బా, రూల్సెందుకు?"

నాకైతే ఈ మాట వింటేనే భయం. అందరూ ఫ్రెండ్సే అయిన చోట ఫిర్యాదు వినేదానికి మనిషే ఉండడు. తప్పు చేసినోడూ ఫ్రెండే, తీర్పు చెప్పాల్సినోడూ ఫ్రెండే. చివరికి నోరు మూసుకోని బృందం వదిలి పొయ్యేది దెబ్బ తిన్నోళ్ళే.

ఆ దెబ్బలు ఎట్లా ఉంటాయో కూడా మనకు తెలియనివి కావు. ఆడవేషం కట్టిన పిల్లోణ్ణి నాటకం అయిపోయి నెల దాటినా ఆ పేరుతోనే పిలిచి నవ్వడం. పద్యం మధ్యలో గొంతు జీరబోతే ఫోన్లో తీసి వాట్సాప్‌లో తిప్పడం. రాత్రి 11 దాకా రిహార్సల్ చేయించి, ఆ అమ్మాయి ఇంటికెట్లా పోతుందో ఒక్కరూ అడక్కపోవడం. "సీను పండాలి" అని ముందుగా చెప్పకుండా మీద చెయ్యి వెయ్యడం. వీటిల్లో చాలావాటికి మనం పెట్టుకున్న పేరు 'సరదా'.

ఇప్పుడు ఒక పాత పద్ధతి చెప్తాను. మా వీధినాటకానికి పక్కింటి చుట్టం లాంటిది తమిళనాడులోని తెరుక్కూత్తు. అక్కడ వస్త్రాపహరణం ఆడేటప్పుడు ఆ ఘట్టం దగ్గర ఆట కాసేపు ఆపి కర్పూరం వెలిగిస్తారు. దుశ్శాసనుడి వేషం వేసినాయన ద్రౌపదమ్మకు మొక్కి, చెయ్యబోయే పనికి మన్నించమని అడుగుతాడు. ఆ తర్వాతే చీర మీద చెయ్యి పడేది.

అది భక్తి అంటారు. కాదనను. కానీ అందులో ఇంకోటి కూడా ఉంది. "ఇప్పుడు నేను చెయ్యబోయేది నాది కాదు, వేషానిది. నీకు కష్టం కలిగించే పని అని నాకు తెలుసు" అని పదిమంది ముందర ఒప్పుకోవడం ఉంది. ఈ రోజుల్లో సినిమా సెట్లలో 'ఇంటిమసీ కోఆర్డినేటర్' అని మనిషిని పెట్టుకుంటున్నారే, ఆ ఆలోచనకి మూలం ఇదే గదా. 2017లో చికాగోలోని చిన్న చిన్న నాటక బృందాలు కలిసి ఒక ప్రమాణపత్రం రాసుకున్నాయి. తాకే సన్నివేశాలకి ముందే ఒప్పుకోలు, మొదటి రిహార్సల్‌లోనే ఫిర్యాదు ఎవరికి చెప్పాలో అందరికీ చెప్పడం, నటుల్లోంచే ఒక ప్రతినిధిని ఎన్నుకోవడం. ఇందులో మనకు మింగుడు పడనిది ఏముంది చెప్పండి?

మన తెలుగు నాటకం కూడా ఇట్లాంటి పేచీలు దాటుకొనే వచ్చింది. ఒకప్పుడు ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి సమాజంలో ఇంటి ఆడవాళ్ళే ఆడపాత్రలు వేశారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వెయ్యాలని మన సీమ నటుడు బళ్ళారి రాఘవ గట్టిగా పట్టుబట్టాడు. కానీ పాత్ర ఇస్తే సరిపోదు. ఆమె భయం లేకుండా రిహార్సల్‌కి వచ్చిపొయ్యే చోటు కూడా ఇవ్వాలి. ఆ రెండో పని మనం ఇంకా పూర్తి చెయ్యలేదు.

ఎంపతీ లేకపోతే నష్టం బృందం లోపలే ఆగదు. 'చింతామణి' సంగతి చూడండి. కాళ్ళకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మీద రాసిన నాటకం అది. రానురాను సుబ్బిశెట్టి పాత్రకి ఎవరికి తోచిన బూతు జోకులు వాళ్ళు తగిలించారు. ఆర్యవైశ్యులు తమను కించపరుస్తున్నారని ఎన్నోసార్లు మొత్తుకున్నారు. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం తప్పనే నేనంటాను, దాని మీద బతికే కళాకారుల పొట్ట కొట్టింది. కానీ నవ్వించేటప్పుడు ఎదురుగా కూర్చున్నోడి మొహం కూడా చూసుంటే అంత దూరం పొయ్యేది కాదేమో.

"తిట్టకపోతే నటన రాదు" అనే డైరెక్టర్లకి మన ఫీల్డు నుంచే ఒక మాట. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే మంచి టీములు ఏం చేస్తాయి? ఎవడు చేశాడని కాదు, ఎందుకు జరిగిందని అడుగుతాయి. తిడితే తర్వాతిసారి బగ్ దాచిపెడతారని మనకు తెలుసు. నటుడూ అంతే. తిట్లకి భయపడినోడు కొత్తగా ఏదీ ప్రయత్నించడు, మార్కు చేసిన చోట నిలబడి డైలాగు అప్పజెప్పి పోతాడు.

చట్టం కూడా ఉంది. మనం ఆఫీసులో ప్రతి ఏడూ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టి పూర్తిచేసే ట్రైనింగు గుర్తుందా? ఆ 2013 నాటి చట్టంలో 'ఉద్యోగి' అంటే జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు కూడా వస్తారు. ఇక 18 ఏళ్ళ లోపు పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోవడమే నేరం. "మనలో మనం సర్దుకుందాం" అనేదానికి అక్కడ చోటు లేదు.

కాబట్టి నేననేది పెద్ద గ్రంథమేం కాదు, ఒక పేజీ చాలు. తాకే సీను ఏదైనా ముందే మాట్లాడుకోవాలి, వద్దంటే కారణం అడక్కూడదు. రిహార్సల్‌లో ఫోను తియ్యాలంటే అందరి ఒప్పుకోలు ఉండాలి. చీకటి పడితే అందరూ ఇల్లు చేరారని కనుక్కునే బాధ్యత ఒకరిది. డైరెక్టర్ కాని ఇద్దరు మనుషులు, అందులో ఒకరు ఆడమనిషి, ఫిర్యాదు వినాలి. ఫిర్యాదు డైరెక్టర్ మీదైనా సరే.

రూల్సు ఉంటే ఎంపతీ దానంతటదే వస్తుందని నేననను. కానీ ఎంపతీ ఉందని చెప్పుకునేవాళ్ళు ఆ ఒక్క పేజీ రాసుకోడానికి ఎందుకు జంకాలి? రోజూ పక్కవాడి బాధను నటించి చూపిద్దామనే కదా మనం స్టేజీ ఎక్కేది. తెర వెనక నిలబడిన మనిషి బాధ కనపడకపోతే, తెర ముందర మనం చూపించేది ఏందంటారు?