క్రొత్త ఆకాశం, క్రొత్త భూమి: క్రైస్తవ సోదరుల నిరీక్షణ

పొరుగున ఉన్న క్రైస్తవ కుటుంబంలో మరణం సంభవించినప్పుడు మన ఇళ్ళ నుండి పరామర్శకు వెళ్ళటం తెలుగునాట ఆనవాయితీ. అక్కడ "ప్రభువునందు నిద్రించారు" అన్న మాట వింటాం. "పరలోకం చేరుకున్నారు" అన్న ఓదార్పూ వింటాం. ఈ రెండు మాటలూ ఒకటి కావు. నిద్రించినవాడు మేల్కొనవలసి ఉంటుంది. చేరుకున్నవాడి ప్రయాణం ముగిసిపోయింది. రెండవ మాటను మాత్రమే గుర్తుంచుకుని, శరీరాన్ని మట్టిలో వదలి ఆత్మ ఆకాశానికి ఎగిరిపోవటమే క్రైస్తవుల దృష్టిలో ముక్తి అని మన యువకులు భావిస్తారు. దాని మీదనే వాదనకు దిగుతారు. ఎదుటివారు నమ్మని విషయాన్ని వారికి అంటగట్టి ఖండించటం జ్ఞానమూ కాదు, న్యాయమూ కాదు. అందుచేత వారి గ్రంథాలు, వారి పండితులు ఈ విషయంలో ఏమి చెబుతున్నారో ఈ నెల పాఠకుల ముందుంచదలచాము.

గ్రంథాలలోని మూలాలు

"క్రొత్త ఆకాశం, క్రొత్త భూమి" అన్న భావన మొదట యెషయా గ్రంథం చివరి అధ్యాయాలలో కనిపిస్తుంది. పాడుబడిన యెరూషలేమును చూసి కుమిలిపోతున్న ప్రజలకు అక్కడ లభించే వాగ్దానం ఆకాశంలోని సౌఖ్యాల గురించి కాదు. ఇల్లు కట్టుకున్నవాడే ఆ ఇంట నివసిస్తాడు, ద్రాక్షతోట నాటినవాడే దాని ఫలాన్ని తింటాడు, పసిబిడ్డలు అకాలమరణం పాలు కారు అన్నది దాని సారాంశం. పండించినది పరులపాలు కావటాన్ని కళ్ళారా చూసిన జనానికి అంతకు మించిన ఆశ ఏముంటుంది?

క్రొత్త నిబంధనలో ఈ భావన మరింత విస్తరించింది. రోమీయులకు వ్రాసిన పత్రిక 8వ అధ్యాయంలో పౌలు సమస్త సృష్టినీ ప్రసవవేదన పడుతున్న స్త్రీతో పోల్చాడు. ఆ వేదన చావుకు దారితీసేది కాదు, జననానికి దారితీసేది. ప్రకటన గ్రంథం 21, 22 అధ్యాయాలలో నూతన యెరూషలేము నగరం దైవసన్నిధి నుండి భూమి మీదికి దిగివస్తుంది. మరణం, దుఃఖం, రోదన ఇక ఉండవు. జీవవృక్షపు ఆకులు జాతులకు స్వస్థతనిస్తాయి. ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఈ చిత్రణలో మనుషులు పైకి వెళ్ళటం లేదు, నగరమే క్రిందికి దిగుతోంది.

అగ్ని దహిస్తుందా, శుద్ధి చేస్తుందా?

అయితే పేతురు రెండవ పత్రిక 3వ అధ్యాయం ఆకాశాలు గతించిపోతాయనీ, పంచభూతాలు మహావేడిమికి లయమైపోతాయనీ చెబుతుంది. తెలుగు క్రైస్తవులు తరతరాలుగా చదువుతున్న అనువాదంలో భూమి, దాని మీది కార్యాలు కాలిపోతాయని ఉంది. కానీ 4వ శతాబ్దానికి చెందిన సైనాయ్, వాటికన్ గ్రీకు వ్రాతప్రతులలో ఈ చోట "కాలిపోవటం" అన్న క్రియ లేదు. "కనుగొనబడటం" అన్న అర్థమిచ్చే క్రియ ఉంది. అంటే దేవుని ఎదుట సమస్తం బయటపడుతుందని, పుటం పెట్టిన బంగారంలా నిగ్గుతేలుతుందని అనేకమంది పండితులు వివరిస్తున్నారు. పైగా ఆ పత్రికే ఈ అగ్నిని హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కాలపు జలప్రళయంతో పోల్చింది. నాడు దుష్టత్వం నశించింది, భూమి మిగిలింది.

ఈ వివాదం క్రొత్తది కాదు. పదార్థమే చెడ్డదని, దాని నుండి విడుదలే మోక్షమని వాదించిన జ్ఞానవాదులను 2వ శతాబ్దంలో లియాన్ నగర బిషప్ ఐరేనియస్ గట్టిగా ఎదిరించాడు. సృష్టి మూలద్రవ్యం నశించదు, దాని ప్రస్తుత రూపం మాత్రమే గతిస్తుంది అన్నది ఆయన సిద్ధాంతం. సుమారు రెండు శతాబ్దాల తర్వాత అగస్టీన్ తన 'దేవుని నగరం'లో అదే నిర్ణయానికి వచ్చాడు. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ సృష్టి పునరుద్ధరణ వైపే మొగ్గాడు. 17వ శతాబ్దపు లూథరన్ పండితుడు యోహాన్ గెర్హార్డ్ మాత్రం ఈ లోకం సంపూర్ణంగా శూన్యమైపోతుందనీ, దాని స్థానంలో మరొకటి సృష్టించబడుతుందనీ వాదించాడు. రెండు అభిప్రాయాల వారూ చదివింది ఒకే గ్రంథాన్ని.

మెథడిస్టు ఉద్యమ స్థాపకుడు జాన్ వెస్లీ 1781 నాటి ఒక ప్రసంగంలో మరో అడుగు ముందుకు వేశాడు. మనిషి పాపం వల్ల మూగజీవాలు కూడా బాధపడుతున్నాయి కనుక పునరుద్ధరణలో వాటికీ భాగం ఉంటుందని ఆయన బోధించాడు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో నిర్మితమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన మెదక్ చర్చి ఆ పరంపరకు చెందినదే.

తెలుగునాట మరో ధోరణి కూడా ఉంది. బ్రదరెన్ మిషనరీలు 1836లో గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం ప్రాంతంలో సేవ ఆరంభించారు. అదే బ్రదరెన్ ఉద్యమంలో ఐరోపాలో ప్రముఖుడైన జాన్ నెల్సన్ డార్బీ, విశ్వాసుల సంఘం ముందుగా ఆకాశానికి ఎత్తబడుతుందనీ, భూమి మీద మహాశ్రమలు సంభవిస్తాయనీ, పిమ్మట వెయ్యేండ్ల పరిపాలన వస్తుందనీ ఒక క్రమాన్ని బోధించాడు. 1909లో వెలువడిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిల్ ఈ క్రమాన్ని ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. "ఎత్తబడటం" గురించి మనం గోడ రాతల్లో, కరపత్రాల్లో చదివేది ఈ ధోరణికి చెందిన మాటే. అది క్రైస్తవులందరి సిద్ధాంతం కాదు. ఆ ధోరణి వారు సైతం చిట్టచివర క్రొత్త భూమి ఉంటుందనే విశ్వసిస్తారు.

కేథలిక్కుల విషయానికి వస్తే, 1965లో రెండవ వాటికన్ మహాసభ ఒక ముఖ్యమైన మాట చెప్పింది. క్రొత్త భూమి కోసం ఎదురుచూడటం ఈ భూమిని బాగుచేయాలన్న శ్రద్ధను తగ్గించరాదు, పెంచాలి అన్నది దాని భావం. ఎందుకంటే "ఎలాగూ కాలిపోయేదే కదా" అనుకున్నవాడు చెరువు పూడిపోతున్నా పట్టించుకోడు. "ఇది దేవుడు తిరిగి నిలబెట్టబోయే సృష్టి" అని నమ్మినవాడు దానిని జాగ్రత్తగా చూసుకుంటాడు. విశ్వాసం ఎలాంటిదో మనిషి నడవడిక చెబుతుంది.

ఎక్కడ కలుస్తాం, ఎక్కడ వేరవుతాం?

దివ్య ఖుర్ఆన్‌లోని ఇబ్రాహీం సూరా 48వ ఆయతు భూమి వేరొక భూమిగా, ఆకాశాలు వేరొక ఆకాశాలుగా మార్చబడే దినాన్ని ప్రస్తావించింది. అంబియా సూరా 104వ ఆయతులో ఆకాశం చుట్టివేయబడటం, తొలి సృష్టి తిరిగి ఉనికిలోకి రావటం ఉన్నాయి. ఈ మార్పు భూమి గుణాలలోనా, దాని అస్తిత్వంలోనా అన్న విషయమై మన ముఫస్సిర్లలోనూ రెండు అభిప్రాయాలున్నాయి. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మతుల్లాహ్ అలైహి) తన తఫ్సీర్‌లో రెండింటినీ చర్చించారు. ఐరేనియస్‌ను, గెర్హార్డ్‌ను వేధించిన ప్రశ్నే మన పండితులనూ ఆలోచింపజేసింది.

మూగజీవాల సంగతి చూడండి. ప్రళయదినాన కొమ్ములు లేని గొర్రెకు కొమ్ముల గొర్రె నుండి సైతం న్యాయం ఇప్పించబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఆ పిమ్మట అవి మట్టిగా మారిపోతాయని ఉల్లేఖనాలున్నాయి. వెస్లీ వాటికి శాశ్వత ఆనందాన్ని ఆశించాడు. న్యాయం విషయంలో సారూప్యం ఉంది, పర్యవసానంలో భేదం ఉంది.

అసలు భేదం ఇంతకంటే లోతైనది. క్రైస్తవుల నిరీక్షణ అంతటికీ ఇరుసు యేసు సిలువ మరణం, పునరుత్థానం. ఆయన లేవటమే క్రొత్త సృష్టికి ప్రథమఫలమనీ, మిగిలిన సృష్టి ఆ దారినే నడుస్తుందనీ వారు నమ్ముతారు. హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) చంపబడలేదు, సిలువ వేయబడలేదు, అల్లాహ్ ఆయనను తన వైపునకు లేపుకున్నాడు అన్నది మన విశ్వాసం. ఆయన అల్లాహ్ దాసుడు, ప్రవక్త. ప్రళయానికి ముందు ఆయన తిరిగి వస్తారని మనమూ నమ్ముతాం. కానీ సృష్టిని తిరిగి నిలబెట్టేవాడు అల్లాహ్ ఒక్కడే. ఈ భేదాన్ని కప్పిపుచ్చటం స్నేహం అనిపించుకోదు. దీనిని చెప్పటానికి ఎగతాళి అవసరమూ లేదు. గ్రంథప్రజలతో ఉత్తమమైన రీతిలో తప్ప వాదించవద్దని అన్కబూత్ సూరా మనలను ఆదేశిస్తోంది. ఎదుటివారి మాటను వారే అంగీకరించే విధంగా చెప్పగలగటం ఆ ఉత్తమ రీతికి తొలి మెట్టు అని మేము తలుస్తున్నాము.

కనుక తల్లిదండ్రులారా! బడి నుండి వచ్చిన పిల్లవాడు "మా స్నేహితుడు భూమి కాలిపోతుందంటున్నాడు, నిజమేనా?" అని అడిగితే నవ్వి ఊరుకోకండి. ఆ స్నేహితుడి గ్రంథంలో ఏముందో చెప్పండి, వారిలోనే ఎన్ని అభిప్రాయాలున్నాయో చెప్పండి, ఆ తర్వాత మన ఆయతును చదివి వినిపించండి. అలా విన్న పిల్లవాడికి తన ధర్మమూ బోధపడుతుంది, స్నేహితుడి మీద గౌరవమూ నిలుస్తుంది.

చేతిలో ఖర్జూరపు మొక్క ఉండగా ప్రళయఘడియ వచ్చిపడినా, నాటగలిగితే నాటమని హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన హదీసు మనకు బోధిస్తోంది. క్రొత్త భూమి ఎప్పుడు, ఎలా వస్తుందన్నది అల్లాహ్‌కే తెలుసు. ఈ భూమి మీద మొక్క నాటే బాధ్యత మాత్రం ఈ పూటకు మనదీ, మన పొరుగువారిదీ కూడా.