సన్నని సెగ

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసును ఒకసారి వెలిగించిన తరువాత సంవత్సరాల తరబడి ఆరనివ్వరు. లోపల కరిగి ఉన్న ఇనుము గడ్డకట్టిందంటే దానిని తిరిగి దారికి తేవడం మహా కష్టం. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన భిలాయి కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. నాటినుండి అక్కడి పనికి రాత్రి అన్నది లేదు. ఉదయం 6 గంటలకు ఒక జట్టు, మధ్యాహ్నం 2 గంటలకు ఒక జట్టు, రాత్రి 10 గంటలకు మరొక జట్టు. కొలిమి ఆరకూడదు గనుక మనుషులు మారుతూ ఉండాలి.

మనుషుల వేళలు మారినప్పుడు వంటింటి వేళలు కూడ మారతాయి. మొదటి షిఫ్టుకు వెళ్ళే మనిషి ఉన్న ఇంట తెల్లవారుజామున నాలుగింటికే పొయ్యి వెలగాలి. రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రి పదిన్నరకు ఇల్లు చేరే మనిషికి వేడివేడిగా వడ్డించాలంటే ఎవరో ఒకరు మేలుకొని ఉండాలి. నైట్ షిఫ్టు నుంచి వచ్చి పగలు నిద్రించే మనిషి ఉంటే ప్రెషర్ కుక్కరు కూతకు కూడ వెనుకాడాలి. కర్మాగారంలో ఎనిమిది గంటలకొకసారి జట్టు మారుతుంది. వంటింట్లో మాత్రం చాలా ఇళ్ళలో మూడు షిఫ్టులకూ ఒక్కతే మనిషి. ఇప్పుడు ఆ మనిషి కూడ తరచు ఉద్యోగానికి వెళ్ళవలసి వస్తున్నది. ఒకరి కోసం మరొకరు మేలుకొని ఉండనక్కర లేకుండ, వంటే మనుషుల కోసం వేచి ఉండే ఉపాయం ఉన్నదా?

ఉన్నది. అది కొత్తదీ కాదు. ఉపాధి కోసం వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలోని పెద్దలు దాలిని ఎరుగుదురు. పిడకల నిప్పు మీద పాలకుండను ఉంచి పొద్దుటినుండి సాయంత్రం దాక కాగనిస్తే ఎర్రని మీగడ కట్టేది. మధ్యలో ఎవరూ కాపలా కాయనక్కర లేదు. ఉలవచారు పుట్టుక కూడ ఇటువంటిదే. పశువుల కోసం ఉలవలను గంటల తరబడి ఉడికించేవారు. గింజలు పశువులకు పోగా, మిగిలిన కట్టును చింతపండు పులుసుతో చిక్కగా మరిగించుకొనేవారు.

పట్నాలలో దాలికి చోటు లేదు. ఒంటరిగా ఉండే ఉద్యోగికి, విద్యార్థికి పనికివచ్చే సాధనాన్ని బెంగాల్‌కు చెందిన డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ 1910లో రూపొందించారు. దాని పేరు ఇక్‌మిక్ కుక్కర్. నిలువుగా ఉండే పాత్రలో ఒకదానిమీద ఒకటి అమరే గిన్నెలు, అడుగున బొగ్గుల నిప్పు. బియ్యం, పప్పు, కూర వేరువేరు గిన్నెలలో సర్ది మూత బిగించి తమ పని మీద వెళ్ళిపోతే, తిరిగి వచ్చేసరికి ఆవిరి సెగకు అన్నీ ఉడికి ఉండేవి.

నేడు అంగళ్ళలో దొరికే విద్యుత్ స్లో కుక్కర్‌కు మూలం మరొకచోట ఉన్నది. షికాగోలో ఉండిన ఇర్వింగ్ నాక్సన్‌కు అతని తల్లి తమ లిథువేనియా కథ ఒకటి చెప్పేది. యూదుల విశ్రాంతి దినమున పొయ్యి వెలిగించరాదు. అందుచేత ముందునాటి సాయంకాలమే చిక్కుడు గింజలు, మాంసం నింపిన కుండలను రొట్టెల బట్టీలో ఉంచేవారు. చల్లారుతున్న బట్టీ సెగకే అవి రాత్రంతా ఉడికేవి. ఈ కథ ఆధారంగా నాక్సన్ తయారుచేసిన పాత్రకు 1940లో పేటెంటు లభించింది. 1970లో రైవల్ కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, మరుసటి సంవత్సరం ‘క్రాక్‌పాట్’ అనే పేరుతో ఆ పాత్రను విక్రయించింది. ఉద్యోగాలకు వెళ్ళే గృహిణులు దానిని ఆదరించారు.

దాని నిర్మాణం సులభమైనది. బరువైన పింగాణి పాత్ర, దాని చుట్టూ విద్యుత్ తీగ, పైన మూత. 200 వాట్ల పాత్ర ఎనిమిది గంటలు పనిచేసినా ఖర్చయ్యేది రమారమి ఒకటిన్నర యూనిట్లే. వేడి మరుగు స్థాయికి కాస్త దిగువనే ఉంటుంది గనుక అడుగంటదు, పొంగదు. ముదురు మాంసంలోని గట్టి పీచు కూడ ఆ నిదాన సెగకు మెత్తబడి పులుసుకు చిక్కదనం ఇస్తుంది. మేక కాళ్ళ పులుసు, శనగలు, ఉలవలు, పప్పు ఈ పద్ధతికి అనుకూలం. అన్నం మాత్రం వేరుగా వండుకోవడం మేలు.

మాటిమాటికి మూత తీసి చూడరాదు. తీసిన ప్రతిసారి పోయిన వేడి తిరిగి కూడుకొనడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఈ నియమం కోక్ ఓవెన్లలో పనిచేసేవారికి వేరుగా చెప్పనక్కర లేదు. వారు బొగ్గును గాలి తగలకుండ మూసి గంటల తరబడి మగ్గబెట్టేవారే గదా! ఆవిరి బయటికి పోదు గనుక నీరు కూడ తక్కువగా పోయాలి.

తెలుగు వంటకు మరొక నియమం ఉన్నది. చింతపండు, టమాటా మొదట వేయరాదు. పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు. ఉదాహరణకు, రాత్రంతా నానిన ఉలవలను పొయ్యి మీద పది నిమిషాలు తెర్లనిచ్చి, ఉదయం ఐదున్నరకు స్లో కుక్కర్‌లో ఉంచితే మొదటి షిఫ్టు మనిషి రెండున్నరకు తిరిగివచ్చేసరికి మెత్తగా ఉడికి ఉంటాయి. కట్టు వడకట్టి, అప్పుడు చింతపండు రసం చేర్చి పొయ్యి మీద మరిగించి పోపు పెడితే సరిపోతుంది.

నిదానమంటే నిర్లక్ష్యం కాదు. పొరుగున ఉన్న ఉత్తరాది వారి నుంచి మన ఇళ్ళకు వచ్చిన రాజ్మా గింజలలో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది. సన్నని సెగ దానిని నశింపజేయలేదు. అర్ధపక్వమైన రాజ్మా పచ్చి గింజల కంటె ఎక్కువ హాని చేయవచ్చును. తీవ్రమైన వాంతులు, విరేచనాలు కలుగుతాయి. కనుక కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, వేరే నీటిలో కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట, తెర్లనిచ్చిన తరువాతనే స్లో కుక్కర్‌లో వేయాలి. మాంసమైతే గడ్డకట్టినదానిని తిన్నగా వేయరాదు. ఇంట ఎవరూ లేనప్పుడు విద్యుత్తు చాలాసేపు ఆగిపోయిందని తెలిస్తే, చూడడానికి బాగానే ఉన్నా ఆ వంటను పారవేయడమే క్షేమం.

స్లో కుక్కర్ లేనివారు బొగ్గుల కుంపటి మీద రాత్రంతా కుండ పెట్టి, తలుపులు మూసి పడుకోవడం అంతకంటె ప్రమాదం. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బ్లాస్ట్ ఫర్నేసు వాయువులో ఉండే ఈ విషం గురించి కర్మాగారంలో జాగ్రత్తపడే మనిషి ఇంటిలో దానిని మరువరాదు. అంతకంటె, గింజలను పొయ్యి మీద బాగా తెర్లనిచ్చి, గిన్నెను మూతతో సహా దుప్పట్లలో గట్టిగా చుట్టి ఉంచితే నిప్పు లేకుండానే చాలావరకు ఉడుకుతాయి. తినబోయే ముందు మళ్ళీ మరగనివ్వాలి.

స్లో కుక్కర్ వల్ల కలిగే లాభం రుచి కంటె ముఖ్యంగా నిద్ర. రాత్రి పదిన్నరకు వచ్చే మనిషికి వేడి కూర సిద్ధంగా ఉంటుంది. దాని కోసం మరొకరు కునికిపాట్లు పడుతూ కూర్చోనక్కర లేదు. అయితే స్లో కుక్కర్ గింజలు నానబెట్టదు, ఉల్లిపాయలు తరగదు, తిన్న పళ్ళాలు కడగదు. పొయ్యి ముందు కాపలా తప్పినంత మాత్రాన ఆ పనులు తప్పవు. అవి కూడ ఒక్కరి నెత్తినే ఉండిపోతే పెద్దగా మారినదేమీ లేదు. ఎనిమిది గంటలకొకసారి జట్టు మార్చుకొనడం తెలిసిన ఊరిలో ఆ పద్ధతి వంటింట్లో కూడ ప్రవేశించడం న్యాయం.