అల్లిక మనది... పేరు ఎవరిది?

ధనుర్మాసం వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున గుడికి బయల్దేరే మామగారి మెడలో మఫ్లరు కనిపిస్తుంది. మైపాడు రేవులో సముద్రపు గాలికి చెవులు కప్పుకుని నిలబడ్డవాళ్లూ కనిపిస్తారు. ఆ నాలుగు వారాలూ పోతే మిగతా ఏడాదంతా మన నెల్లూరు తీరంలో ఉక్కపోతే! అయినా ఊలు ఉండ, రెండు సూదులు ఉన్న ఇళ్లు ఇక్కడా తక్కువేం కాదు. అమెరికాలో చదువుకుంటున్న కొడుక్కో, కెనడాలో కాపురముంటున్న కూతురికో పార్సిల్ కట్టేటప్పుడు ఆవకాయ సీసా పక్కన అమ్మ అల్లిన మఫ్లరు ఒకటి ఉండాల్సిందే. ఈమధ్య కొసలు కలిపేసి, తలలోంచి తొడుక్కునేలా గొట్టంలా అల్లే ‘కౌల్’ కూడా పిల్లలు అడుగుతున్నారు.

ఎవరైనా చూసి, “ఎంత బాగుందండీ, ఈ డిజైను ఎక్కడిది?” అని అడిగితే మనం ఏమంటాం? “ఆఁ, ఏముందిలెండి, పొద్దుపోక అల్లాను” అంటాం. వచ్చిన చిక్కంతా ఆ ఒక్క మాటతోనే!

నిజంగా అది పొద్దుపోని పనేనా? మఫ్లరు అల్లడం ఒక ఎత్తు. దాన్ని ముక్కూమొహం తెలియని మరో ఇల్లాలు పత్రికలో చదివి అచ్చం అలాగే అల్లుకునేటట్టు రాసివ్వడం మరో ఎత్తు. ఒక కౌల్ సంగతే చూడండి. 4 మిల్లీమీటర్ల సూదితో మీ చేతికి 10 సెంటీమీటర్లకు 20 కుట్లు వచ్చాయనుకుందాం. 60 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 120 కుట్లు వేయాలి. మీ పువ్వు 8 కుట్లకొకసారి వచ్చేదైతే సరిగ్గా 15 పువ్వులు పడతాయి. బాగానే ఉంది. కానీ చదివే ఆవిడ చెయ్యి కాస్త బిగువు. ఆవిడకు 10 సెంటీమీటర్లకు 22 కుట్లు పడతాయి. అవే 120 కుట్లకు ఆవిడ కౌల్ యాభై నాలుగున్నర సెంటీమీటర్లే అవుతుంది. తల దూర్చడానికి అవస్థ పడి, “పత్రికలో అంతా తప్పులే” అని విసుక్కుంటుంది. అందుకే ముందు అరచేయంత ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి, అప్పుడు కుట్లు లెక్కపెట్టాలి. ఆ లెక్క, సూది సైజు, దారం రకం, ఎన్ని గ్రాములు పట్టిందీ నమూనా మొదట్లోనే చెప్పాలి.

మఫ్లరుకైతే మరో సంగతి. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేసుకుంటూ పోతే అంచులు చాపలా చుట్టుకుపోతాయి. రెండు పక్కలా నాలుగేసి కుట్లు ప్రతి వరసలోనూ నిట్టే వేస్తే అంచు నిలుస్తుంది. మన ఎండలకు ఊలు బదులు నూలు వాడితే చల్లగా ఉంటుంది. కానీ నూలుకు ఊలులాగా సాగి మళ్లీ ముడుచుకునే గుణం తక్కువ, బరువుకు కిందికి జారుతుంది. ఇవన్నీ ఆలోచించి, రాసిన కాగితం పక్కింటామె చేతికిచ్చి, ఆమె ఎక్కడ తడబడిందో చూసి దిద్దుకుంటేనే డిజైను అచ్చుకు పనికొస్తుంది. ఇంత లెక్క, ఇంత ఓర్పు ఉన్న పనిని ఇంకెవరైనా చేస్తే ‘వృత్తి’ అంటారు. మనం చేస్తే ‘కాలక్షేపం’!

ఈ మాట ఖరీదు ఎంతో తెలియాలంటే తీరం వెంటే పైకి, గోదావరి జిల్లాల దాకా వెళ్లాలి. నరసాపురం లేసు పేరు విననివారు ఉండరు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన విద్య అది. సూదులు రెండు కావు, ఒక్క కొక్కెం సూదితో నూలు దారాన్ని అల్లుతారు. తరతరాల ఆడవాళ్ల చేతుల మీదుగా ఆ లేసు విదేశాలకు వెళ్లింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి, వాళ్ల బతుకులు చూసి, 1982లో ఒక పుస్తకం వేసింది. ఆమె తేల్చిన విషయం చేదుగానే ఉంటుంది. రోజూ గంటల తరబడి అల్లుతున్నా వాళ్లను పనివాళ్లుగా ఎవరూ లెక్కించలేదు. ‘ఇంట్లో ఉండే ఆడవాళ్లు తీరికవేళ చేసుకునే పని’ అన్నారు. కూలీ కూడా ఆ మాటకు తగ్గట్టే ఇచ్చారు. ఒకరు పువ్వులు అల్లితే మరొకరు అతుకుతారు. చివరికి ‘ఇది నేను చేసిన వస్తువు’ అని చెప్పుకునేందుకు ఎవరికీ ఏమీ మిగలదు. సొమ్మొకరిది, సోకొకరిది!

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే ఆ గుర్తింపు ఊరికి పేరు తెస్తుంది గానీ, ఫలానా డిజైను ఫలానా ఆమె ఊహ అని చెప్పదు. ఆ పేరు ఎవరికి వారు నిలబెట్టుకోవాల్సిందే.

నిలబెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1950లలో గుండ్రటి సూదితో ఒకేచుట్టుగా అల్లే స్వెట్టరు డిజైను ప్రచురణకు పంపింది. అచ్చులో చూస్తే ఆమె పద్ధతి తీసేసి, ముక్కలుగా అల్లి కుట్టే పద్ధతి రాసి ఉంది! ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. తన నమూనాలు తన మాటల్లోనే చెప్పడానికి సొంతంగా ఒక చిన్న పత్రిక మొదలుపెట్టింది. తర్వాత పుస్తకాలూ రాసింది. ఈనాటికీ అల్లికలవాళ్లు ఆమె పేరు తలుచుకుంటారు.

మన చట్టం కూడా మనకు కొంత అండగా ఉంది. నిట్, పర్ల్ కుట్లు ఎవరి సొత్తూ కావు. కానీ ఆ నమూనాను మీరు వివరంగా రాసిన పాఠం, గీసిన గళ్ల బొమ్మ, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే మీవి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీ అనుమతి లేకుండా మరొకరు తమ పేరుతో అచ్చు వేసుకోకూడదు. అయితే పెద్ద ఎత్తున తయారుచేసి దుకాణాలకు ఇవ్వాలనుకుంటే మాత్రం ఒక జాగ్రత్త ఉంది. వస్తువు మీద కనిపించే డిజైనుకు రక్షణ కావాలంటే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించాలి. అదీ అచ్చు కాకముందే! ఒకసారి పత్రికలో వచ్చాక ఆ డిజైను కొత్తది కాదంటారు. ముందు నమోదు, తర్వాతే ప్రచురణ.

ఇందులో మా వంటి పేజీల తప్పూ ఉంది, ఒప్పుకోవాలి. వంట రాసినామె పేరు వేసి, అల్లిక పంపినామె పేరు మరిచిపోయిన సందర్భాలు మహిళా పేజీల్లో కొల్లలు. డిజైనుకు పేరు వేయాలి, పారితోషికం ఇవ్వాలి, మార్చాల్సి వస్తే ఆమెను అడిగి మార్చాలి. ఇది దయ కాదు, మర్యాద.

ఇక మన వైపు నుంచి చేయాల్సింది చిన్నదే. ఒక నోటు పుస్తకం కొనండి. అల్లిన ప్రతి డిజైనూ తేదీతో, కొలతలతో, అల్లిన ముక్కతో సహా అందులో పెట్టండి. పత్రికకు పంపినప్పుడు ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. కింద మీ పేరు పూర్తిగా రాయండి, ‘ఒక సోదరి’ అని కాదు.

ఈసారి ఎవరైనా “ఈ డిజైను ఎక్కడిది?” అని అడిగితే తడుముకోకండి. “నాదేనండీ, నేనే చేశాను” అనండి.