నాడి చూడని వైద్యం – మన్ను చూడని సేద్యం

రోగి నాడి చూడకుండా మందిచ్చే వైద్యుని ఎవరూ నమ్మరు. నేల నాడి చూడకుండా ఎరువు వేసే అలవాటును మాత్రం చిత్తూరు, తిరుపతి ప్రాంతాల రైతులం నేటికీ మానలేదు. వైద్యవృత్తితో పాటు కొద్దిపాటి మెట్టసేద్యమూ ఉన్నవాణ్ణి గనుక, ఈ మాట నన్నూ కలుపుకొనే అంటున్నాను.

ఒక ఏడు మా ఎర్రనేలలో వేరుశనగ వేశాము. పశువుల ఎరువు తోలాము, డి.ఎ.పి. వేశాము. చెట్లు ఏపుగా పెరిగాయి. తీరా పెరికి చూస్తే సగం తాలుకాయలే! కొందరు వానను నిందించారు, మరికొందరు విత్తనాన్ని. అసలు లోపం కాల్షియానిదని మట్టి పరీక్షలో తేలింది.

వేళ్లు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకు ఎక్కుతుందే గాని, తిరిగి కాయలోకి దిగిరాదు. భూమిలో ఊరే కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుండి తానే గ్రహించాలి. ఇసుకపాలు ఎక్కువైన ఎర్రనేలల్లో అది నిలిచేది తక్కువ. సూపర్ ఫాస్ఫేటులో భాస్వరంతో పాటు కాల్షియం, గంధకం కూడా ఉంటాయి, డి.ఎ.పి.లో ఉండేవి నత్రజని, భాస్వరమే. అందుకే పూత దశలో, ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల వద్ద వేసి మట్టి ఎగదోయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. అందులోని గంధకం గింజలో నూనె వృద్ధికి తోడ్పడుతుంది.

ఓషధులను సేకరించే ముందు భూమిని పరీక్షించమని సుశ్రుత సంహిత సూత్రస్థానం 36వ అధ్యాయం ఆదేశిస్తున్నది. చౌడు లేని, మెత్తని, నీటికి దగ్గరైన భూమి శ్రేష్ఠమన్నది, ఎర్రమన్నునూ అంగీకరించింది. మందుమొక్కకు వర్తించిన న్యాయం అన్నం పెట్టే పైరుకు వర్తించదా?

సేంద్రియమా, రసాయనమా అనే వాదం నాకు రుచించదు. పశువుల ఎరువు నేలకు నిత్యాహారం, దానిని మానరాదు. జిప్సం కూడా భూగర్భంలో దొరికే ఖనిజమే. లోపమున్నచోట అది ఔషధం. లేనిదానిని ఇవ్వడం చికిత్స, ఉన్నదానినే మరల మరల పోయడం అపథ్యం.

2015లో ప్రారంభమైన భూసార ఆరోగ్య పత్రాల పథకంలో మట్టికి 12 పరీక్షలు నిర్దేశించారు. ఎరువు తోలకముందే, గట్లూ చెట్లనీడా విడిచి, ఎకరాకు ఎనిమిది పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, అరకిలో పరీక్షకు పంపండి. పత్రం వచ్చాక పెట్టెలో దాచవద్దు. ఎరువుల అంగడికి చేతపట్టుకొని వెళ్లండి. మందుచీటీ లేకుండా మందు కొనరాదు కదా!