ఒక్క శ్రుతే సరైనదా?

దక్షిణ అమెరికాలోని బొలీవియా, పెరూ కొండల్లో చరాంగో అనే చిన్న తంతి వాద్యం ఉంది. పది తీగలు, రెండేసి చొప్పున ఐదు జతలు. పట్నంలో నేర్పేది ఎక్కువగా ఒకే శ్రుతి: జి, సి, ఇ, ఏ, ఇ. నలుగురు కలిసి వాయించాలంటే అది అవసరమే, కాదనను.

కానీ పల్లెల్లో లెక్క వేరు. ఊరిని బట్టి, పండుగను బట్టి తీగల బిగింపు మారుస్తారు. ఒక శ్రుతికైతే 'టెంప్లే దియాబ్లో', అంటే దయ్యం శ్రుతి అని పేరు. ఉత్తర పొటోసి రైతులు చలికాలంలో చరాంగో పట్టుకుంటారు, వానాకాలంలో దాన్ని పక్కనపెట్టి గిటార్ తీస్తారు. ఇవన్నీ 'తప్పు శ్రుతులు' అంటేనే నాకు అభ్యంతరం. పాటను రికార్డు చేసి దాచొచ్చు. తీగ ఎంత బిగించాలో మాత్రం వాయించే చేతికే తెలుసు. ఆ చెయ్యి పోతే అదీ పోతుంది.

మన పాలమూరు కిన్నెరదీ ఇదే కథ. దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, సంతోషం. మరి నేర్చుకునేవాళ్లేరీ? పొట్టకూటికి మనమంతా ఊరు వదిలినవాళ్లమే. ఈసారి సెలవుకు వెళ్తే, ఊళ్లో వాయించే పెద్దాయన పక్కన ఓ పూట కూర్చోండి. పాట ఒక్కటే కాదు, ఆయన తీగ సవరించే తీరు కూడా ఫోన్లో తీసుకోండి.