పాటకెక్కిన వలస
రామన్నపేట తాలూకా పాలడుగులో పుట్టిన సుద్దాల హనుమంతు, కూలి ఇవ్వకుండా దొరలు చేయించుకున్న నిర్బంధ చాకిరీని, అంటే వెట్టిని, జానపద బాణీల్లో ఎండగట్టి భూమి దక్కని బతుకును పాటకు వస్తువు చేయగా, పాలమూరు గడ్డ మీది గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాట 2002లో ‘కుబుసం’ చిత్రం ద్వారా ఊరూరికీ చేరి, పని కరువై ఖాళీ అవుతున్న కుమ్మరి, కమ్మరి వాకిళ్లను కళ్లకు కట్టింది. ముంపు కూడా పల్లెలను ఇలాగే ఖాళీ చేసింది: శ్రీశైలం జలాశయంలో కృష్ణ ఒడ్డు పల్లెలు మునిగినప్పుడు పరిహారాన్ని ఎకరాల లెక్కన కట్టారు గానీ, ఒకే మడిలో వంగి నాటు పాట అందుకునే వంత గొంతులు తలో దిక్కుకు చెదరడం అంతకు తక్కువ నష్టమేమీ కాదు. 2013 భూసేకరణ చట్టం కోరే సామాజిక ప్రభావ అంచనా, అంటే నిర్వాసితుల బతుకుపై పడే దెబ్బను ముందే తేల్చే అధ్యయనం, ఆ నాటు పాటలను కూడా సాక్ష్యంగా నమోదు చేయాలి.