మెర్ల్ ఓబెరాన్ ఆడిన అబద్ధం

2023లో ఆస్కార్ల హడావిడిలో మనమంతా "నాటు నాటు" సంబరంలో ఉన్నాం. ఉత్తమ నటి మిషెల్ యో గురించి పత్రికలు ఒక తిరకాసు మాట రాశాయి, గమనించారో లేదో. "ఆసియా మనిషినని చెప్పుకుంటూ" ఈ నామినేషన్ పొందిన మొదటి నటి అని. ఎందుకంటే చెప్పుకోకుండా పొందినావిడ ఒకరున్నారు. మెర్ల్ ఓబెరాన్, సినిమా "ది డార్క్ ఏంజెల్" (1935).

పుట్టింది 1911లో, బొంబాయిలో. పెరిగింది కలకత్తాలో. లండన్ వెళ్ళి చిన్నాచితకా వేషాలు వేస్తుంటే నిర్మాత అలెగ్జాండర్ కోర్డా కంట పడింది. 1933లో ఎనిమిదో హెన్రీ సినిమాలో కాసేపే కనపడే ఆన్ బొలీన్ వేషంతో దశ తిరిగింది. అప్పట్నుంచీ ఆవిడ ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో పుట్టిన తెల్లపిల్ల!

ఇప్పుడు కొందరు ఆవిడ్ని మోసగత్తె అంటారు, కొందరు "తొలి భారతీయ నామినీ" అని జెండా పాతేస్తారు. నాకు రెండూ ఎక్కవు. 1917 చట్టంతో మన దేశం నుంచి అమెరికాకి వలస దాదాపు బంద్. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వం కుదరదు అనేసింది. 1946 దాకా అంతే. వీసా ఫారంలో ఒక్క అక్షరం తేడా వస్తే నిద్రపట్టని మనం ఆవిడకి నీతులు చెప్పడమేంటండీ?

అలాగని జెండా పాతడానికీ మనసొప్పదు. పెంచిన తల్లి షార్లెట్‌ని (నిజానికి అమ్మమ్మ అని తర్వాత తేలింది) ఇంటికొచ్చినవాళ్ళకి పనిమనిషిగా పరిచయం చేసేదంటారు. ఆ అబద్ధం ఖరీదు స్టూడియోలు కట్టలేదు, ఆ ముసలావిడ కట్టింది.

ఇంకో విచిత్రం. "వదరింగ్ హైట్స్" నవల్లో హీత్‌క్లిఫ్ నల్లటి మనిషి, ఎక్కడివాడో తెలీదు. 1939 సినిమాలో ఆ వేషం లారెన్స్ ఒలీవియర్‌ది. అతన్ని కాదని డబ్బున్నవాణ్ణి చేసుకునే తెల్లపిల్ల వేషం మన బొంబాయమ్మాయిది.

అన్నట్టు 1937 కారు ప్రమాదంలో పడ్డ మచ్చలు కనపడకుండా ఛాయాగ్రాహకుడు లూసియన్ బల్లార్డ్ కెమెరాకి ఆనించి ఒక దీపం పెట్టాడు. దాన్ని "ఓబీ" అంటారు, ఆవిడ పేరే. తర్వాత 1945లో పెళ్ళీ చేసుకున్నాడు.

1978లో టాస్మానియా రాజధాని హోబర్ట్ వాళ్ళు ఆవిడ్ని తమ ఊరి ఆడపడుచుగా పిలిచి సన్మానం పెట్టారు. ఆవిడ వెళ్ళింది కూడా. మరుసటేడు పోయింది. బొంబాయి సంగతి లోకానికి తెలిసింది 1983లో, జీవితచరిత్ర వచ్చాక.